మొదటి కత్తికి ఏ ఉక్కు కొనాలి? వాడి చూసిన రకాల మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. కత్తులు చేయడం ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు 1084 అనే రకం ఉక్కు కొనండి. అది దొరక్కపోతే మన కొట్లలో ఈఎన్42జే అని అడగండి. రెండూ దొరక్కపోతే కొత్త ఈఎన్45 గానీ 5160 గానీ ఫ్లాట్, అంటే చదును పట్టీ, తీసుకోండి. కొలిమి పెట్టుకునే వీలు లేదు, కాల్చే పని బయట ఇచ్చేస్తాం అనుకునేవాళ్లకి ఓహెచ్‌ఎన్‌ఎస్. డీ2, 440సీ జోలికి మొదటి సంవత్సరం పోవద్దు. తొందరలో ఉన్నవాళ్లకి ఇంత చాలు. ఎందుకలా అంటున్నానో తెలుసుకోవాలనుకునేవాళ్లు కింద చదవండి.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు మామూలుగా ఒక పేరు పట్టుకుని వస్తారు. ఏదో విదేశీ కత్తి మీద డీ2 అని రాసి ఉండటం చూసి ఉంటారు, లేకపోతే 52100 గురించి ఎవరో ఊదరగొట్టిన వీడియో చూసి ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీ దగ్గర మంట ఏముంది? ఒక గ్యాస్ బర్నర్, నాలుగు ఫైర్ బ్రిక్స్ ఉంటే జవాబు ఒకటి, టెంపరేచర్ కంట్రోలర్ ఉన్న ఎలక్ట్రిక్ ఫర్నేస్ ఉంటే జవాబు వేరు. పదును నిలుస్తుందా లేదా అన్నది తేలిపోయేది కాల్చి నూనెలో ముంచే ఆ కొద్ది నిమిషాల్లోనే. పద్ధతిగా కాల్చిన మామూలు కార్బన్ స్టీల్ కత్తి, సరిగ్గా కాలని ఖరీదైన స్టీల్ కత్తి కన్నా ఎప్పుడూ మెరుగ్గా కోస్తుంది. రెండు రకాలూ వంటింట్లో ఉల్లిపాయల మీద, బెండకాయల మీద, కోడి ఎముకల పక్కన వాడి చూశాకే ఈ మాట అంటున్నాను. అందుకే ఈ రివ్యూలో నేను ఉక్కుకి మార్కులు వేసేది దాని గొప్పతనం చూసి కాదు, మొదటిసారి చేసేవాడి చేతిలో అది ఎంత మాట వింటుందో చూసి.

నేను వాడేవి కూడా చెప్పాలి, లేకపోతే పోలిక కుదరదు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల వంటింటి కత్తులు, 2.5 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం, ఒక్క బర్నర్ ఉన్న చిన్న గ్యాస్ కొలిమి, చువ్వకి కట్టిన అయస్కాంతం, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేరుశనగ నూనె, టెంపరింగ్‌కి (గట్టిపడిన బ్లేడ్‌ని మళ్లీ తక్కువ వేడిలో ఉంచి పెళుసుతనం తగ్గించడానికి) పాత ఓటీజీ. సాగగొట్టే పని తక్కువ, ఎక్కువగా ఫ్లాట్ ముక్క మీద గీసుకుని, కోసి, గ్రైండ్ చేసే పద్ధతే. మనలో చాలామంది మొదలుపెట్టేది కూడా అలాగే కదా, అపార్ట్‌మెంట్‌లో దాగలి పెట్టుకుని సమ్మెటతో కొడితే కింది ఫ్లోర్ వాళ్లు ఊరుకోరు.

ఇక 1084. ఈ నంబర్‌లో మొదటి 10 అంటే మామూలు కార్బన్ స్టీల్, క్రోమియం లాంటివి కావాలని కలపలేదని. చివరి 84 అంటే కార్బన్ సుమారు 0.84 శాతం. దాంతోపాటు మాంగనీస్ 0.60 నుంచి 0.90 శాతం ఉంటుంది. చూడటానికి ఇందులో గొప్పేమీ లేదు, కానీ కొత్తవాళ్లకి కావలసింది సరిగ్గా ఇదే. ఉక్కులో కార్బన్ 0.77 శాతం దగ్గర ఉన్నప్పుడు, అది కాలి లోపలి నిర్మాణం మారే వేడి దగ్గరే కార్బన్ దాదాపు అంతా కరిగి కలిసిపోతుంది. కార్బన్ అంతకన్నా బాగా ఎక్కువైతే మిగిలిన కార్బైడ్లు, అంటే కార్బన్ లోహంతో కలిసి కట్టిన గట్టి రేణువులు, కరగడానికి సమయం కావాలి, ఆ సమయమంతా వేడిని ఒకే చోట నిలబెట్టాలి, అది ఒక్క బర్నర్‌తో అయ్యే పని కాదు. బాగా తక్కువైతే ఎంత ముంచినా చాలినంత గట్టిపడదు. 1084 ఆ గీతకి కాస్త పైన ఉంటుంది కాబట్టి 815 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి తీసుకెళ్లి, బ్లేడ్ మొత్తం సమానంగా కాలగానే ముంచేయొచ్చు. పట్టి ఉంచాల్సిన పని పెద్దగా లేదు.

815 అని ఎలా తెలుస్తుంది? ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఎరుపు ఇంకో ఛాయ పెరిగే దాకా ఆగాలి. నాకు అయస్కాంతం కన్నా నమ్మకమైన గుర్తు ఇంకొకటి ఉంది. లైట్లు ఆర్పి, చీకటి పడ్డాక కాలుస్తూ చూడండి. ఎర్రబడుతున్న బ్లేడ్ మీద నల్లటి నీడలు కదులుతాయి. లోపలి నిర్మాణం మారేటప్పుడు ఉక్కు వేడిని మింగుతుంది, అందుకని ఆ మారే చోటు కాసేపు చుట్టుపక్కల కన్నా మసగ్గా కనిపిస్తుంది. పల్చటి అంచు దగ్గర, మొన దగ్గర ఆ నీడ ముందు పోతుంది, మందంగా ఉన్న వీపు దగ్గర, పిడి వైపు ఆలస్యంగా పోతుంది. మొత్తం బ్లేడ్ మీద ఎక్కడా నీడ లేకుండా ఒకే ఎరుపు వచ్చిందంటే ఇంకొక్క క్షణం చూసి ముంచడమే. పగటి వెలుగులో ఇదేదీ కనపడదు, ఎండలో చూసి కాస్త ఎర్రబడింది అనుకునేది నిజానికి ఎప్పుడో హద్దు దాటిపోయి ఉంటుంది.

నూనె 50 నుంచి 55 డిగ్రీల దాకా వెచ్చబెట్టుకోవాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. బ్లేడ్‌ని నిటారుగా దించి, ముందుకూ వెనక్కీ గానీ పైకీ కిందకీ గానీ కదపండి, పక్కలకి ఊపితే వంకర పోతుంది. 1084లో మాంగనీస్ కాస్త ఎక్కువగా ఉండటం వల్ల వంటనూనె వేగం దీనికి సరిపోతుంది. పాత ఇంజిన్ ఆయిల్ వాడమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వద్దు. ఆ పొగలో ఏముంటుందో ఆలోచించండి, పైగా అది రేపు కూరగాయలు కోసే కత్తి. వేరుశనగ నూనె, సన్‌ఫ్లవర్ నూనె రెండూ పని చేస్తాయి. డబ్బా మూత మాత్రం చేతికందే దూరంలో ఉండాలి, నూనె అంటుకుంటే మూత పెట్టేయాలి, నీళ్లు పోయకూడదు.

చల్లారాక ఆకురాయితో అంచు మీద గీసి చూస్తే, సరిగ్గా గట్టిపడిన బ్లేడ్ మీద ఆకురాయి పట్టు దొరక్క జారిపోతుంది, గాజు మీద గీసినట్టు సన్నటి చప్పుడు వస్తుంది. పైన కాలిన పొర కింద ఒక్కోసారి పల్చటి మెత్తటి పొర ఉంటుంది, ఆకురాయి ముందు దాన్ని కొరుకుతుంది, కంగారు పడకుండా ఇంకో నాలుగు గీతలు గీస్తే కింద గట్టి ఉక్కు తగులుతుంది. ఆ స్థితిలో, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సీ స్కేలు (హెచ్‌ఆర్‌సీ) మీద, హార్డ్‌నెస్ 65 హెచ్‌ఆర్‌సీ చుట్టుపక్కల ఉంటుంది, అంత పెళుసుగా ఉన్నప్పుడు చేతిలోంచి జారి గచ్చు మీద పడినా బ్లేడ్ విరగొచ్చు. అందుకే ఆలస్యం చేయకుండా ఓటీజీలో పెట్టేయాలి, 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయటికి తీసి చల్లార్చి మళ్లీ రెండు గంటలు. ఓటీజీ నాబ్ మీద 200 అని ఉన్నంత మాత్రాన లోపల 200 ఉండదు, ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొని లోపల పెట్టండి. బ్లేడ్‌ని ముందే రుద్ది మెరిపించి పెడితే లేత గడ్డి రంగు వస్తుంది. ఆ రంగు వచ్చిందంటే 60 హెచ్‌ఆర్‌సీ దగ్గరికి దిగినట్టు, వంటింటి కత్తికి సరిగ్గా కావలసింది అదే. నీలం వచ్చిందంటే 300 దాకా వెళ్లిపోయిందని అర్థం, పదును అంత సేపు నిలవదు.

1084లో లోపాలు లేవని కాదు. తుప్పు పడుతుంది. విశాఖలో, కాకినాడలో ఉండేవాళ్లకి ఇంకా త్వరగా పడుతుంది. నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే తుడిచే లోపే నల్లబడుతుంది. నెల రోజులు వాడితే ఆ నలుపే ఒక పొరగా కుదురుకుంటుంది, అప్పుడు తుప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, వాడగానే కడిగి తుడిచి పెట్టే అలవాటు ఇంట్లో అందరికీ ఉండాలి. ఇంకో లోపం, ఆ పేరుతో కొట్లో దొరకదు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఉక్కు కొట్టు కౌంటర్ దగ్గర నిలబడి 1084 అంటే ఎక్కువ చోట్ల వినపడేది "ఈఎన్‌లో చెప్పండి సార్" అనే. ఈ ఈఎన్ నంబర్లు పాత బ్రిటిష్ స్టాండర్డ్‌వి, మన ఇంజినీరింగ్ వర్క్‌షాపుల్లో ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. 1084కి దగ్గరగా ఉండేది ఈఎన్42జే, కార్బన్ 0.8కి అటూ ఇటూ ఉండే స్ప్రింగ్ స్టీల్. కాల్చడం, ముంచడం, టెంపరింగ్ అన్నీ పైన చెప్పినట్టే. పల్చటి పట్టీలుగా దొరికితే వదలకండి. ఈఎన్8 మాత్రం ఎవరైనా అంటగట్టబోతే వద్దని చెప్పండి. దాంట్లో కార్బన్ 0.36 నుంచి 0.44 దాకానే, షాఫ్టులకీ బోల్టులకీ మంచి ఉక్కు, కత్తికి చాలదు. ఈఎన్9లో 0.50 నుంచి 0.60 ఉంటుంది, కొడవలికీ, కొబ్బరికాయ కొట్టే కత్తికీ పనికొస్తుంది గానీ ఉల్లిపాయలు సన్నగా తరిగే కత్తికి నేను దాన్ని ఎంచుకోను.

కొట్లో ఒక విషయం గమనించండి. బార్ల చివర్ల మీద రంగు పెయింట్ ఉంటుంది, ఏ గ్రేడ్ ఏదో గుర్తుపట్టడానికి. ఆ రంగు ఉన్న చివర ముందే ఎవరో కోయించుకుని వెళ్లిపోతే మిగిలిన ముక్క ఏ గ్రేడో కొట్టువాడికీ గుర్తుండదు, నోటికొచ్చిన నంబర్ చెబుతాడు. ఒక కొట్లో నాకు ఈఎన్9 అని ఇచ్చిన ముక్క ఎంత పద్ధతిగా కాల్చి ముంచినా ఆకురాయి దాన్ని వెన్న తీసినంత తేలిగ్గా తినేసింది. గ్రైండర్ మీద పెట్టి నిప్పురవ్వలు చూస్తే పొడుగాటి గీతలు, చివర్లో చిట్లడం బహు తక్కువ, అంటే కార్బన్ బాగా తక్కువున్న మైల్డ్ స్టీల్. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు రాయి దగ్గరి నుంచే తెల్లగా, గుబురుగా చిట్లుతాయి. కాబట్టి రంగు చివర ఉన్న బార్ నుంచే కోయించుకోండి, టెస్ట్ సర్టిఫికెట్ జిరాక్స్ అడగండి, ఇవ్వనంటే ఇంకో కొట్టు చూసుకోండి. ఆన్‌లైన్‌లో 1084 పేరుతో అమ్మేవాళ్ల దగ్గర కూడా ఇదే నియమం, కెమికల్ రిపోర్టులో కార్బన్, మాంగనీస్ అంకెలు చూశాకే డబ్బులు కట్టండి.

1095 గురించి ఎక్కువ చెప్పను. కార్బన్ 0.90 నుంచి 1.03, మాంగనీస్ 0.30 నుంచి 0.50. పేరు పెద్దది, పదును కూడా బ్రహ్మాండంగా తీసుకుంటుంది. కానీ మాంగనీస్ తగ్గడం వల్ల చల్లార్చడానికి దొరికే వ్యవధి ఒక సెకను కూడా ఉండదు. వంటనూనెలో ముంచితే పల్చటి అంచు గట్టిపడి, కాస్త మందంగా ఉన్న చోట మెత్తగా మిగిలిపోతుంది. నీళ్లలో ముంచితే పగుళ్లు. దీనికోసం వేగంగా చల్లార్చే ప్రత్యేకమైన క్వెంచ్ ఆయిల్ ఉంటుంది, అది తెప్పించుకున్న రోజున 1095 కొనండి.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే కమాన్ పట్టీ. మన ఊళ్లలో ఏ కమ్మరి దగ్గరికి వెళ్లి మంచి కత్తి కావాలన్నా "పాత లారీ కమాన్ పట్టీ తెచ్చుకో బాబూ, దానికి మించింది లేదు" అంటాడు. ఆయన మాటలో నిజం ఉంది. కొడవళ్లు, గొడ్డళ్లు, వేట కత్తులు ఆ పట్టీల్లోంచే పుట్టుకొస్తున్నాయి, ఏళ్ల తరబడి పొలాల్లో నిలబడుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్ల దగ్గర కిలోల లెక్కన దొరుకుతుంది, కొత్త ఉక్కు ధరతో పోలిస్తే చవక. అయినా మొదటి వంటింటి కత్తికి నేను దాన్ని సిఫార్సు చేయను, దానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది మందం. లారీ పట్టీ సెంటీమీటరు దాకా ఉంటుంది, వంపు కూడా ఉంటుంది. కమ్మరికి అది సమస్య కాదు, కొలిమిలో పెట్టి ఇద్దరు మనుషులు సమ్మెటలతో సాగగొట్టేస్తారు. మనం గ్రైండర్ మీద పెట్టి మూడు మిల్లీమీటర్లకి తేవాలంటే బెల్టులు అయిపోతాయి, ఓపిక అయిపోతుంది, ఉక్కు చవగ్గా వచ్చిందన్న లాభం అక్కడే పోతుంది. అసలు రంధ్రం వేయాలన్నా ముందు ఎర్రగా కాల్చి, బూడిదలో గానీ సున్నంలో గానీ కప్పి రాత్రంతా నెమ్మదిగా చల్లారనివ్వాలి, లేకపోతే డ్రిల్ బిట్ అరిగిపోతుంది గానీ ఉక్కు దిగదు. రెండోది అలసట. లక్షల కిలోమీటర్లు గుంతల్లో బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని సన్నటి పగుళ్లు ఉండొచ్చు. బ్లేడ్ అంతా తయారై, నూనెలో ముంచిన క్షణంలో టిక్ మని చిన్న చప్పుడు వస్తుంది, అంతే, ఆ కత్తి ఇక పనికిరాదు. మూడోది, అది ఏ ఉక్కో తెలియదు. కంపెనీని బట్టి, బండిని బట్టి, తయారైన కాలాన్ని బట్టి 5160 రకం కావచ్చు, సిలికాన్ ఎక్కువున్న ఈఎన్45 రకం కావచ్చు, క్రోమియం వనేడియం ఉన్న ఈఎన్47 కావచ్చు. మూడూ మంచి స్ప్రింగ్ స్టీళ్లే, కానీ కాల్చే వేడి, గట్టిపడే తీరు ఒక్కటి కాదు. కొత్తగా నేర్చుకునేవాడికి కత్తి సరిగ్గా రాకపోతే తప్పు మంటలో ఉందా, నూనెలో ఉందా, ఉక్కులో ఉందా అన్నది తేల్చుకునే దారి ఉండాలి. తెలియని ఉక్కుతో ఆ దారి మూసుకుపోతుంది. కమ్మరికి అది ఇబ్బంది కాదు, ఆయన చేతికి వేల పట్టీల అనుభవం ఉంది, రవ్వ చూసి, రంగు చూసి, చప్పుడు విని చెప్పేస్తాడు.

సాగగొట్టడం నేర్చుకోవడానికైతే కమాన్ పట్టీని మించింది లేదు, ఆ పనికి నిండు మార్కులు. ఆ పని మీద ఇష్టం ఉంటే దగ్గర్లో ఉన్న కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని నాలుగు రోజులు చూడండి, ఆయన పనికి తగ్గ డబ్బులివ్వండి. అక్కడ ఒక్క పూటలో కంటికి అబ్బే రంగుల జ్ఞానం పుస్తకాల్లో దొరకదు.

అదే జాతి ఉక్కు కొత్తది, ఫ్లాట్‌గా కొనుక్కుంటే సంగతి వేరు. 5160లో కార్బన్ 0.6 దగ్గర, క్రోమియం 0.70 నుంచి 0.90 శాతం. ఆ క్రోమియం వల్ల నూనెలో ముంచడానికి మరికొంత వెసులుబాటు దొరుకుతుంది, ముంచేటప్పుడు చెయ్యి కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. ఈఎన్45లో 1.5 నుంచి 2 శాతం దాకా సిలికాన్ ఉంటుంది, అదీ దెబ్బలకి తట్టుకునే ఉక్కే. రెండిటికీ వేడి 1084 కన్నా కాస్త ఎక్కువ పెట్టాలి, 5160కి 830 డిగ్రీలు. వీటి పదును 1084 అంత సేపు నిలవదు, కానీ దెబ్బ తట్టుకునే గుణంలో 1084 వీటి దగ్గరికి రాదు. ఆవకాయ రోజులు గుర్తు తెచ్చుకోండి. కాయని టెంకతో సహా ఒక్క దెబ్బకి చీల్చాలి, రోజుకి వందల కాయలు. చెక్క దిమ్మకి బిగించే ఆ మామిడికాయ కత్తి నన్నెవరైనా చేయమంటే కళ్లు మూసుకుని 5160 గానీ ఈఎన్45 గానీ తీసుకుంటాను, టెంపరింగ్ కూడా 230 దాకా తీసుకెళ్తాను. అదే 60 హెచ్‌ఆర్‌సీలో ఉన్న 1084 అంచుని టెంకల మీద కొడితే పెచ్చులూడుతుంది.

ఈఎన్31 గురించి తరచూ అడుగుతుంటారు. బేరింగులు చేసే ఉక్కు ఇది, 52100కి మన పేరు. కార్బన్ ఒక శాతం చుట్టుపక్కల, క్రోమియం 1.0 నుంచి 1.6. సరిగ్గా కాలిస్తే దీని అంచు నాకు అన్నిటికన్నా ఇష్టం, టమాటా తొక్క మీద బరువు పెట్టకుండానే దిగుతుంది. కానీ "సరిగ్గా" అన్న ఆ మాట దగ్గరే కష్టమంతా ఉంది. ఆ కార్బైడ్లు తగినంత కరగాలంటే వేడిని నిలకడగా పది నిమిషాలైనా పట్టాలి, ఎక్కువైతే గ్రెయిన్, అంటే ఉక్కు లోపలి పలుకులు, లావెక్కి పెళుసవుతుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కుకి ఈ పేచీ కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండే అదే జాతి దక్కను ఉక్కుని యూరప్ కమ్మరులు తమకి అలవాటైన తెల్లటి వేడిలో పెట్టి కొడితే పొడి పొడిగా రాలిపోయింది. తక్కువ వేడిలో ఓపిగ్గా కొట్టడం తెలిసినవాళ్ల చేతిలో అదే ఉక్కు లోకంలోకెల్లా పేరున్న కత్తులైంది. మన తెలంగాణ ఊరి ఉక్కు అంత దూరం వెళ్లిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఈఎన్31ని రెండో సంవత్సరానికి దాచుకోండి.

ఓహెచ్‌ఎన్‌ఎస్ అంటే ఆయిల్ హార్డెనింగ్ నాన్ ష్రింకింగ్ స్టీల్, ఓ1 అని విదేశీ వీడియోల్లో చెప్పేది దాదాపు ఇదే. డైలు, పంచ్‌లు చేయడానికి వాడతారు కాబట్టి మన దగ్గర పుష్కలంగా దొరుకుతుంది, పైగా గ్రౌండ్ ఫ్లాట్ అని రెండు వైపులా నున్నగా గ్రైండ్ చేసిన పట్టీలు, 500 మిల్లీమీటర్ల పొడవువి, కావలసిన మందంలో దొరుకుతాయి. ధర ఎక్కువే, కానీ ఫ్లాట్ చేసుకునే శ్రమంతా తప్పుతుంది. ఒక్క బర్నర్ కొలిమికి ఇది అంత అనుకూలం కాదు, 800 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలైనా నిలబెట్టాలి. అయితే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఒక మంచి దారి ఉంది. బాలానగర్ వైపు, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న ఆ చుట్టుపక్కలంతా టూల్ రూములే, హీట్ ట్రీట్‌మెంట్ జాబ్ వర్క్ చేసేవాళ్లకి ఓహెచ్‌ఎన్‌ఎస్ రోజూ చేసే పని. బ్లేడ్ ఇచ్చి "ఓహెచ్‌ఎన్‌ఎస్, 60 హెచ్‌ఆర్‌సీ" అంటే చాలు, వేరే వివరించాల్సిన పని ఉండదు. ఒక్క కత్తి కోసం ఫర్నేస్ పెట్టరు, మినిమమ్ చార్జి ఉంటుంది, అందుకని నలుగురు కలిసి పంపుకుంటే గిట్టుబాటు. అంచుని ముందే పల్చగా చేయకండి, కనీసం ఒక మిల్లీమీటరు వదిలి ఇవ్వండి, లేకపోతే వంకరగా వచ్చే ప్రమాదం ఉంది. కొలిమి లేనివాళ్లకి ఇది నా మొదటి ఎంపిక, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

డీ2ని మన కొట్లలో హెచ్‌సీహెచ్‌సీఆర్ అంటారు, అదే పేరుతో డీ3 కూడా ఇచ్చేస్తారు. రెండూ ఒకటి కాదు, డీ3లో కార్బన్ రెండు శాతం, అంతకన్నా కాస్త ఎక్కువ ఉంటుంది, ఇంకా పెళుసు. డీ2ని గట్టిపరచాలంటే 1010 డిగ్రీలు, గాలి తగలకుండా, అరగంట. మన కొలిమిలో అవదు. గట్టిపడ్డాక సాన పట్టడం కూడా యాతన, మామూలు సానరాయి దాని మీద చాలా నెమ్మదిగా పని చేస్తుంది. 440సీ కూడా ఇదే కథ, వేడి ఇంకా ఎక్కువ. స్టెయిన్‌లెస్ విషయంలో ఒక హెచ్చరిక, స్క్రాప్‌లో కనిపించే మెరిసే పట్టీలు ఎక్కువగా 304 గానీ 202 గానీ అయి ఉంటాయి. వాటిని ఎంత కాల్చి ఎందులో ముంచినా గట్టిపడవు, ఆ ఉక్కుల గుణమే అంత. వంటపాత్రలకి అవి సరైనవి, కత్తికి కావు. బిల్డింగుల దగ్గర మిగిలిన టీఎంటీ చువ్వలు కూడా అంతే, కార్బన్ పావు శాతం అటూ ఇటూ.

పాత ఆకురాయి ఒకటి ఇంట్లో పడి ఉంటే మాత్రం ఊరికే పోనివ్వకండి. మంచి ఆకురాయి ఒక శాతానికి పైగా కార్బన్ ఉన్న ఉక్కు, అప్పటికే గట్టిపరిచి ఉంటుంది. ఓటీజీలో 220 డిగ్రీల దగ్గర రెండు సార్లు టెంపర్ చేసి, ప్రతి రెండు మూడు సెకన్లకీ నీళ్లలో ముంచుతూ, చేతికి వేడి తెలిసే లోపే ఆపుతూ గ్రైండ్ చేసుకుంటే చిన్న చాకు తయారవుతుంది, కొలిమే అక్కర్లేదు. పళ్లు పూర్తిగా గ్రైండ్ చేసేయండి, ఆ పళ్ల మధ్య గాడుల అడుగు నుంచే పగుళ్లు మొదలవుతాయి. మరీ చవక రకాలు పైపొర మాత్రమే గట్టిగా ఉండి లోపల మెత్తటి ఇనుము, అలాంటివి మూల విరిచి చూస్తే తెలిసిపోతుంది.

పొడవు గురించి కూడా చెప్పాలి. తొమ్మిది అంగుళాల కన్నా పొడవు గానీ రెండు అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న బ్లేడ్లు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి వాటిలోకి రావు. వంటింటి కత్తి చేస్తున్నప్పుడు అది వంటింటి కత్తిలాగే ఉండాలి, ఆరేడు అంగుళాలు, ఒక వైపే పదును. మొదటి కత్తికి అంతకన్నా పెద్దది చేస్తే సమానంగా కాల్చడం కూడా కష్టం.

కొనేటప్పుడు కత్తికి సరిపడా మాత్రమే కాకుండా అదే బార్‌లోంచి ఇంకో జానెడు ఎక్కువ కోయించుకోండి. ఇంటికొచ్చాక ముందు ఆ జానెడు ముక్కని రెండేసి అంగుళాలుగా కోసి, ఒక్కొక్కటీ కాల్చి, ముంచి, వైస్‌లో బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ కప్పి సుత్తితో విరిచి చూడండి. విరిగిన చోట నున్నగా లేత బూడిద రంగులో ఉంటే వేడి సరిపోయింది. పలుకులు పలుకులుగా మెరుస్తుంటే ఎక్కువ కాల్చారు. విరగకుండా వంగిందంటే చాలినంత కాలలేదు, లేదా ముంచడం ఆలస్యమైంది. రెండు ముక్కలు వరసగా బాగా వచ్చాక అప్పుడు మిగిలిన బార్ మీద కత్తి ఆకారం గీయండి.